కలము నిచ్చిన పిమ్మట

ఏటేట పరీక్షలకాలము సమీపించినపుడు ఐనవిల్లి సిద్ధివినాయకస్వామి సన్నిధిని లక్ష కలములకు పూజ జరుగుటయు, పిమ్మట ఆ కలములను విద్యార్థులకు ప్రసాదముగా పంచిపెట్టుటయు కోనసీమవాసులెల్ల రెరిగినదే. ఈ యాచారమును చులకన చేసి మాటాడుట మా యుద్దేశము గాదు. విఘ్ననాయకుని యెదుట వ్రాతపరికరమునకు అర్చన జరుపు సీమ చదువునకు విలువనిచ్చు సీమయే యనుట నిస్సందేహము. అయితే కలమును చేతికిచ్చిన పిమ్మట, పరీక్ష ముగిసిన మరునాటినుండి, ఆ చేతికి మనమేమి పని యిచ్చుచున్నాము? ఈ ప్రశ్నను దేవాలయమువారి నడిగి ప్రయోజనము లేదు. వారు తాము చేయదగినది చేసిరి. గ్రామమున భూమియు, పలుకుబడియు, కొంత తీరికయు గల పెద్దల నడుగవలసియున్నది. ఈ పత్రికను చదువువారిలో నట్టివారే యెక్కువ గనుక వారినే యడుగుచున్నాము.

నేడు కోనసీమలో పదునారేండ్ల బాలుని దినచర్యను గమనింపుడు. తెల్లవారి తెల్లవారకమునుపే కళాశాల బస్సు వచ్చి వీధిమొగమున నిలుచును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వానిని మరల దింపిపోవును. నడుమకాలమంతయు మార్కులకై వినియోగమగును. మిగిలిన గడియలను చేతిలోని ఫోను హరించును. పదియెకరముల ఆసామి కుమారుడు తన చేనికి ఏ బోదెనుండి నీరు వచ్చునో యెరుగడు. కూలివాని కుమారుడు గ్రంథాలయపు గడప త్రొక్కి యెరుగడు. ఇంటర్మీడియేటు చదువు బాలిక సాయంకాలము ఆటస్థలమున కనబడినచో దానిని వింతగా చెప్పుకొందురు. తల్లి కువైటులోనో మస్కటులోనో ఇంటిపని చేసి పంపు డబ్బుతో తాతయవ్వలకడ పెరుగు పిల్లలును ఈ ప్రాంతమున కలరు. వారికి బట్టకును, కళాశాల రుసుమునకును లోటులేదు, మంచిచెడ్డలు చెప్పుకొనుటకు తోడు మాత్రమే కరవు. కళాశాలవారు "మార్కులు తెమ్ము" అందురు. రాజకీయపక్షమువారు "జెండా పట్టుము" అందురు. కులసంఘమువారు "మనవానికి జై యనుము" అందురు. "ఈ పని నీది, నీవే చేసి చూపుము, తప్పినచో నేను దగ్గరనే యున్నాను" అని చెప్పు పెద్దమనుష్యుడు మాత్రము వాని కెదురుపడుట లేదు.

పోనిండు, తక్కినవన్నియు విడిచి కొలిచిన ఆ చదువైనను సరిగా వచ్చుచున్నదా? 'అసర్' సంస్థవారు 2023 లో 26 రాష్ట్రములందలి 28 జిల్లాలలో పదునాలుగేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవరకు గల గ్రామీణయువజనులను పరీక్షించి చూచిరి. నూటికి ఇంచుమించు 25 మంది తమ ప్రాంతీయభాషలో రెండవతరగతి పాఠమును ధారాళముగ చదువలేకపోయిరి. మూడంకెల సంఖ్యను ఒక యంకెతో భాగింపగలిగినవారు నూటికి 43 మంది మాత్రమే. వీరు బడిమొగము నెరుగనివారు గారు. నూటికి 86 మందికి పైగా ఏదో యొక విద్యాలయమున పేరు గలవారే. వృత్తిశిక్షణమును పొందుచున్నవారు నూటికి ఆరుగురైనను లేరు. ఇక 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన కొలదిదినములలో ఇరువదిమంది విద్యార్థులవరకు ప్రాణములు తీసికొనిరన్న వార్తను తెలుగువారెవరును మరచియుండరు. ఒక్క పరీక్షతప్ప తమ విలువను నిరూపించుకొనుటకు వేరు తావు లేదని మనము నమ్మించిన పిల్లలు వారు.

ఆ తావు లేకపోవుట యెట్టి ఫలము నిచ్చునో కోనసీమకు 2022 మే నెల చూపినది.

మే 15 వ తేదీని బ్యాంకాకులో భారత బాడ్మింటను జట్టు ఇండొనీసియాను 3-0 గా నోడించి, థామస్ కప్పును మొట్టమొదటిసారి మన దేశమునకు తెచ్చెను. ఆ తుదిపోటీలో జంటల ఆట గెలిచిన యిరువురిలో నొకడు అమలాపురపు బిడ్డ రంకిరెడ్డి సాత్త్విక్‌సాయిరాజు. అప్పటికి వానికి ఇరువదిరెండేండ్లు నిండలేదు. సరిగా తొమ్మిదిదినములకు, మే 24 వ తేదీని, అదే అమలాపురమున జిల్లాపేరునకు అంబేద్కరుపేరు చేర్చుటకు వ్యతిరేకముగ బయలుదేరిన యూరేగింపు దహనకాండగా మారెను. ఒక మంత్రి యింటికిని, ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. బస్సులు తగులబడెను. పోలీసులు గాయపడిరి. పలుదినములు ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. అరెస్టయినవారిలో పెక్కురు యువకులు. రాజ్యాంగరచనాసంఘాధ్యక్షుని పేరు ఒక జిల్లాకు చేరుటవలన ఆ జిల్లాకు వచ్చిన నష్టమేమో మాకు నేటికిని బోధపడలేదు. ఆ మాట యటుండనిండు. ఆ దినమున వీధిలో పరుగెత్తిన యువకుల ఫోనులకు పిలుపులు పంపినవా రెవరు? వారి తండ్రులు, మేనమామలు, వీధిపెద్దలు ఆ యుదయమున నెక్కడ నుండిరి? పిదప 2023 లో ప్రభుత్వము కేసులను ఉపసంహరింప నిశ్చయించినది, ఉభయవర్గముల పెద్దలు ఒకచోట కూర్చుండి మాట్లాడుకొనిరి. సంతోషమే. కాని కేసు నెత్తిపై నున్నన్నాళ్లు పోలీసు ధ్రువపత్రము దొరకునో దొరకదో, ఉద్యోగమేమగునో, పాసుపోర్టు వచ్చునో రాదో యని నలిగిన యిండ్లు పిలుపు పంపినవారివి గావు, పరుగెత్తినవారివి.

"నేటి యువకులు పెడదారి పట్టిరి" అను వాక్యము పెద్దలకు మిక్కిలి సుఖము నిచ్చు వాక్యము. దానివలన బాధ్యతయంతయు ఇరువదియేండ్లవానిపై పడును. సాత్త్విక్‌ను, ఆ గుంపులోని కుఱ్ఱవానిని పక్కపక్కన నిలిపి చూచినచో రక్తమున భేద మేమియు కనబడదు. ఒకనికి తండ్రి వ్యాయామోపాధ్యాయుడు; చిన్ననాడే చేతికి బ్యాటు నిచ్చి, ప్రతిదినము వెంటనుండి ఆడించెను; 2014 లో హైదరాబాదున గోపీచంద్ శిక్షణాలయమునకు పంపెను. రెండవవానికి వెంటనుండువాడు లేడు. ఒక్కడు లేకుండుటవలన నేర్పడిన ఆ ఖాళీలో ఎవడు ముందు ప్రవేశించిన వానిదే పెత్తనము.

యువజనుల విషయమై పాశ్చాత్యదేశముల పండితులును చాలకాలము ఒక పొరపాటు త్రోవనే నడచిరి. యౌవనమనగా ఒక వ్యాధియనియు, త్రాగుడు, దొంగతనము, చదువు మానుట మొదలగు లక్షణములను నివారించినచో పని ముగిసినదనియు తలచిరి. ఇటీవలి దశాబ్దులలో ఆ దృష్టి మారినది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయాచార్యుడు రిచర్డు లెర్నరును, ఆయన సహచరులును 2002 మొదలు పలుసంవత్సరములు, 42 రాష్ట్రములలో 7,000 మందికి పైగా బాలబాలికలను వెంటాడి పరిశీలించిరి. వారు తేల్చినది సామాన్యపు మాటలలో చెప్పినచో నింతియే: కొలదిదినములు గాక యేండ్లతరబడి వెంటనుండు పెద్దవాడొకడు, బ్రదుకున కక్కరకు వచ్చు నేర్పు నిచ్చు పని, ఆ పనిలో నిజమైన పెత్తనము, ఈ మూడును కలిసియున్న సంఘములలో పిల్లలు బాగుపడుదురు. మూడవది లేక మొదటి రెండే యున్నచో నది బడి యగును. మొదటిది లేక మూడవదే యున్నచో నది గుంపగును. ఈ రెండవ వాక్యము మాది, పండితులది గాదు.

ఈ సంగతిని తెలిసికొనుటకు టఫ్ట్సువరకు పోనక్కరలేదు. ముక్తేశ్వరపు రేవు దాటి, కోటిపల్లిమీదుగా కాకినాడకు పోయిన చాలును. 1923 డిసెంబరులో అచట కాంగ్రెసు మహాసభ జరిగెను. దానిననుసరించి యేర్పాటైన ప్రదర్శనశాల ద్వారమున టిక్కెట్టులేనివారిని లోనికి పోనీయకుండు పనిని పదునాలుగేండ్ల బాలికయొకతెకు అప్పగించిరి. జవహర్లాల్ నెహ్రూ అచటికి వచ్చెను. ఆయనకడ టిక్కెట్టు లేదు. బాలిక లోనికి పోనీయలేదు. నిర్వాహకులు కంగారుపడి వచ్చిరి. తుదకు ఆయన పేర టిక్కెట్టు కొన్న పిమ్మటనే ద్వారము తెరచుకొనెను. ఆ బాలికయే తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ కథను మనవారు దుర్గాబాయి ధైర్యమునకు నిదర్శనముగ చెప్పుదురు. అది నిజమే. కాని మాకు అందులో మరియొక విశేషము కనబడుచున్నది. ద్వారమును పదునాలుగేండ్ల ఆడపిల్లకు అప్పగించిన పెద్దలు, ఆపద వచ్చినపుడు ఆ యధికారమును ఆమెనుండి లాగికొనలేదు. "చిన్నపిల్ల, తెలియక చేసినది, రండు" అని నెహ్రూను ప్రక్కత్రోవను గొనిపోవుట వారికెంత సులువు! అట్లు చేసియున్నచో ఆ బాలిక మరునాటినుండి ద్వారమున నిలిచినను నిలువనట్లే. టిక్కెట్టు కొని తెచ్చుటవలన ఆమెమాట నిలిచినది. నెహ్రూయు ఆమెను మెచ్చుకొనెను. అంతకు ముందే ఆమె కాకినాడలో స్త్రీలకు హిందీ నేర్పు పాఠశాలను నడపుచుండెను; అనగా ఆ ద్వారముకడకు వచ్చునప్పటికే ఆమెకు పని యలవాటైనది. రాజ్యాంగసభలో కూర్చుండుటకును, 1953 లో కేంద్ర సాంఘికసంక్షేమమండలికి తొలి యధ్యక్షురాలగుటకును పునాది యెచట పడినదో విజ్ఞులు గ్రహింతురు గాక. నేడు మన గ్రామములలో పదునాలుగేండ్ల ఆడపిల్లకు ఏ ద్వారము నప్పగించుచున్నాము?

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు నిట్లే చెప్పుకొనవచ్చును. 1921 లో బెజవాడ కాంగ్రెసు సమావేశమునను, చీరాల పేరాల ప్రజలు ఊరు విడిచి రామనగరమున పాకలు వేసికొన్న దినములందును ఆ యువకులు క్రమమును కాపాడిరి. పాటయు, వేషమును, నియమమును, సేవయు వారికి కలిపి నేర్పబడెను. దీనికి విరుద్ధముగ 1907 లో రాజమహేంద్రవరమున నేమి జరిగినదో చూడుడు. బిపినచంద్రపాలుని యుపన్యాసములు విన్న విద్యార్థులు వందేమాతరము బిళ్లలు ధరించిరి. ప్రధానాచార్యుడు మార్కు హంటరు గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాలనుండి వెడలగొట్టెను. వెడలగొట్టబడినవాడు ఆంధ్రదేశమునకు నాయకు డయ్యెను. అధికారులు యువకుని యుత్సాహమును నేరముగ చూచిరి, దుగ్గిరాల దానిని బలముగ చూచెను. స్వతంత్రము వచ్చి యింతకాలమైనను మన విద్యాలయములలో పెక్కింట హంటరుగారి సంప్రదాయమే నడచుచుండుట విచారకరము.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. 1948 లో ఎన్.సి.సి. వచ్చెను. 1969 సెప్టెంబరు 24 న, గాంధీ శతజయంతిసంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయసేవాపథకము ప్రారంభమయ్యెను. 1972 లో నెహ్రూ యువకేంద్రములు నెలకొల్పబడెను. మన రాష్ట్రమున 2023 డిసెంబరు 26 మొదలు 2024 ఫిబ్రవరివరకు 'ఆడుదాం ఆంధ్ర' పేర గ్రామగ్రామమున ఆటలు జరిగెను. ఆట ముగిసెను, బంతులును, వలలును ఏ గదిలోనికి పోయెనో, ఆ గది తాళ మెవరికడ నున్నదో ఏ గ్రామమునకు ఆ గ్రామమువారే చూచుకొనవలెను.

వీనిలో వాలంటీరుల యేర్పాటును గూర్చి మాత్రము కొంచెము నిలిచి ఆలోచింపవలసియున్నది. 2019 ఆగస్టు 15 న రాష్ట్రమంతట రెండున్నరలక్షలకు పైగా యువతీయువకులు నియమితులైరి. గ్రామమున ఒక్కొక్కరికి 50 ఇండ్లు, నెలకు రూ. 5,000. ముసలివాని పింఛనును ఇంటికి తెచ్చియిచ్చుట, రోగిని విచారించుట, దరఖాస్తు నింపిపెట్టుట మొదలగు పనులు వారివి. పొరుగువాని కష్టసుఖములను ఇరువదియేండ్లవాడు స్వయముగ నెరుగుట, ఏ వీధియనక ప్రతియింటి గడపనెక్కుట సామాన్యమైన విద్య గాదు. దీనిని మేము శ్లాఘించియే తీరవలెను. కాని పని యప్పగించినవారు స్వాతంత్ర్యము నీయలేదు, సేవకుని పక్షమునకు బంటుగ వాడుకొన జూచిరన్న నింద వచ్చెను, 2024 ఎన్నికలవేళ వారిచే పింఛనులు పంచరాదని ఎన్నికలసంఘము శాసించెను, పలువురు రాజీనామాలిచ్చిరి, ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు కొనసాగలేదు. పైవారి దయపై వచ్చిన పెత్తనము పైవారితోనే పోవును. గ్రామమే యిచ్చిన పెత్తనమైనచో అమరావతిలో ఎవరు మారినను నిలుచును.

గ్రామ మేమి యీయగలదు? ముందుగా భూమిని గూర్చి చెప్పుదుము, పాఠకులలో భూస్వాములు పెక్కుమంది గనుక.

1902 లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్రేహాము అను పాఠశాలాధికారి రైతుబిడ్డలతో నొక సంఘమును స్థాపించెను. అక్కడి విశ్వవిద్యాలయములవారు క్రొత్తవిత్తనములను గూర్చియు, మట్టిపరీక్షను గూర్చియు ఎంత బోధించినను పెద్దరైతులు తలయూపి యింటికి పోవుచుండిరేగాని ఆచరింపరైరి. ఇందులకు మన రైతులు నవ్వవచ్చును, తాము వేరుగ నున్నచో. గ్రేహాము వంటివారు పెద్దలను విడిచి పిల్లలను పట్టిరి. తండ్రిపొలమున చిన్నముక్క కుమారునికి. వాడు దానిని తన యిష్టమున సాగుచేసి, లెక్క వ్రాసి, పంటను సంతలో చూపవలెను. కుమారుని ముక్కలో పండిన మొక్కజొన్నను చూచి తండ్రి మనసు మార్చుకొనెను. శిరస్సు, హృదయము, హస్తములు, ఆరోగ్యము అను నాలుగు ఆంగ్లపదముల తొలియక్షరములతో నేర్పడిన 'ఫోర్ హెచ్' సంఘములు ఈ విధముగ పెరిగినవే. పైన చెప్పిన లెర్నరు పరిశోధనము వీనిని ఆధారము చేసికొనియే జరిగెను.

కోనసీమలో 2011 ఖరీఫులో రైతులు గిట్టుబాటు లేదని సాగునే మానివేసి పంటవిరామము ప్రకటించిరి. దేశమంతయు మనవైపు చూచెను. ఆనాడు పదేండ్ల బాలురైనవారు నేడు యువకులు. వ్యవసాయమనగా నష్టమను నొక్కమాటయే వారు ఇంట విన్నది. మరియొకవైపు 2016 లో మన దేశమున ప్రవేశించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితోటలలో వ్యాపించినది. మన యింటిముంగిట ననదగిన అంబాజీపేట ఉద్యానపరిశోధనస్థానమున దానికి విరుగుడుగ మిత్రపురుగులను, శిలీంధ్రమును పెంచి రైతులకిచ్చుచున్నారు. ఏ తోటలో దోమ యెంత యున్నదో, ఏ నెలలో పెరిగినదో, మిత్రపురుగు విడిచిన పిమ్మట నెంత తగ్గినదో వారము వారము ఆకులు చూచి లెక్కించు పని పదునైదేండ్ల పిల్లలు చేయలేనిదా? శాస్త్రమును, గణితమును, పొరుగుతోటవానితో మాటాడు నేర్పును ఈ యొక్క పనిలో వచ్చును. గ్రామమునకొక అరయెకరము కొబ్బరితోటను, అంతరపంటతో గూడ, మూడేండ్లకు పిల్లలసంఘమున కప్పగించి, లాభనష్టముల లెక్క వారినే వ్రాయనిచ్చి, వచ్చిన సొమ్మును వారినే వాడుకొననిచ్చు ఆసామి మండలమున కొక్కడైనను దొరకడా?

"చెడగొట్టుదురండీ" అందురు. చెడగొట్టుదురు, ఒకయేడు. జగ్గన్నతోట తీర్థమున నేమి జరుగుచున్నది? కనుమనాడు నేదునూరు మొదలైన గ్రామములనుండి ప్రభలను యువకులు భుజములపై నెత్తికొని పచ్చని చేలకు అడ్డముగ నడతురు. గంగలకుర్రువారు కౌశికకాలువలో దిగి, నీటిలో ప్రభ యొరగకుండ ఆవలియొడ్డునకు చేర్తురు. త్రొక్కబడిన చేనిని చూచి ఆసామి కోపింపడు. శివుడు తన చేనిలో నడచెనని సంతసించును. 2023 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముపై ఈ తీర్థమునే ప్రదర్శించిరి. ఒకరి యడుగు తప్పిన అందరును పడుదురన్న యెరుకతో నడచు ఆ యువకుల నియమమును ఏ సైనికశిక్షకుడు నేర్పెను? కాని ఆ యాసామియే మరునెలలో కోతకోసిన చేనిలో పిల్లలు బంతి యాడినచో కఱ్ఱ పట్టుకొని వచ్చును. సంక్రాంతి మూడుదినములు న్యాయస్థానముల నిషేధమును కాలద్రోసి బరులు కట్టించి, కోడికాలికి కత్తిగట్టి, కొడుకుల కన్నులయెదుట వేలకువేలు పందెమొడ్డు పెద్దలు మనలో లేకపోలేదు. అట్టివారు యువకుల నడవడినిగూర్చి సభలలో నుపన్యసించునపుడు వినువారు నవ్వు నాపుకొనుట కష్టము.

ఇక గ్రంథాలయము. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము స్థాపించినవారును, 1935 లో పడవలో పుస్తకములు నింపి కృష్ణకాలువవెంట గ్రామములకు పంపిన పాతూరి నాగభూషణముగారును సర్కారుసొమ్మునకై కనిపెట్టుకొని కూర్చుండినవారు గారు. నేడు సొమ్ము లేకపోలేదు. 1960 చట్టముననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపన్నుగా మనమందరము చెల్లించుచునే యున్నాము. స్థానికసంస్థలు వసూలుచేసిన ఆ సొమ్మును గ్రంథాలయసంస్థలకు సకాలమున చేర్చుట లేదన్న మొర మాత్రము చిరకాలముగ నున్నది. మీ పంచాయతి యెంత వసూలుచేసినది, ఎంత చేర్చినది యని సమాచారహక్కు చట్టముక్రింద అడిగి తెలిసికొను పనినే యువకులకు అప్పగింపుడు. పౌరశాస్త్రమున నింతకుమించిన పాఠము లేదు. జవాబు వచ్చువరకు వారి వెంట నిలువవలసిన పని మాత్రము మీది.

ఆటస్థలమునుగూర్చి పెద్దచర్చ యక్కరలేదు. పాఠశాల విడిచిన పిమ్మట గేటునకు తాళమువేయు నలవాటు పోవలెను. బాలికలకు ప్రత్యేకముగ కొన్నిగంటలు, ఒక పెద్దావిడ తోడు, వెలుతురుగల దీపము ఉండవలెను. కూలికి పోవు కుఱ్ఱవానికి ప్రొద్దున తీరిక యుండదు గనుక రాత్రి ఎనిమిదివరకైనను తెరచియుంచవలెను. జట్లు వీధులవారీగ కట్టనీయరాదు. మన పల్లెలలో వీధియనగా కులమే గనుక, వీధికొక జట్టు, వీధికొక జెండా, వీధికొక వినాయకుని పందిరి యున్నన్నాళ్లు బంతియాటయు కులపుటాటయే యగును. చీటివేసి జట్లు కట్టుడు. పేటవాడు విసిరిన బంతిని అగ్రహారపువాడు పట్టవలసిన పరిస్థితి కల్పించినచో, మరియొక మే నెలలో ఎవరో పంపిన పిలుపు ఆ యిరువురి ఫోనులకును వచ్చినపుడు వారు ఒకరికొకరు మాట్లాడుకొనుటకైనను అవకాశ ముండును. ఇది జరిగి తీరునని మేము హామీ యీయజాలము. వేరుమార్గము మాకు తోచలేదు.

చెడుసావాసమును, మత్తుపదార్థములను గూర్చి భయపడు తలిదండ్రులు ఐస్లాండు దేశపు సంగతిని తెలిసికొనవలెను. 1998 లో అచట పదునైదు పదునారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది క్రిందటి నెలలో త్రాగి మత్తిల్లితిమని చెప్పిరి. 2016 నాటికి వారు నూటికి 5 గురైరి. శిక్షలు పెంచుటచేతనే యిది జరుగలేదు. ఆటలకు, సంగీతమునకు, కళలకు పురపాలకులు సొమ్మిచ్చిరి. తలిదండ్రులు ప్రతిజ్ఞాపత్రములపై సంతకములు చేసి, రాత్రులు తామే వీధులలో తిరిగిరి. పిల్లలకొరకు ఒక గంట నడచు తీరిక మనవారికి లేదని చెప్పవలదు. రచ్చబండకడను, టీకొట్టుకడను కూర్చుండువారి సంఖ్య మాకు తెలియనిది గాదు.

ఇది యెవరికిని భారమైన వ్యయము గాదు. భారమైన దొక్కటియే: పెత్తనమును నిజముగా విడుచుట. సంఘము స్థాపించి, అధ్యక్షస్థానము తామే యలంకరించి, పిల్లలచే కుర్చీలు మోయించి, పత్రికలకు ఛాయాపటములు పంపు పద్ధతి మనకు బాగుగ నలవాటు. అట్టి ఛాయాపటములు మా కార్యాలయమునకు దినదినము వచ్చుచునే యున్నవి.

కావున ఐనవిల్లి మండలమందలి పంచాయతుల సర్పంచులకును, సభ్యులకును, రైతుపెద్దలకును మా మనవి యేమనగా: వచ్చు గ్రామసభ కార్యక్రమమున ఈ విషయములను చేర్పుడు. గ్రంథాలయపు తాళపుచెవియు, ఆటస్థలపు తాళపుచెవియు ఏ వయసువారి చేతిలో నుండవలెను; ఆ నిర్వాహకులలో ఆడపిల్లలెందరు, పేటలనుండి యెందరు; పిల్లలతోటకు అరయెకర మెవరిత్తురు; మూడేండ్లు వారి వెంటనుండుటకు ఒప్పుకొను పెద్ద యెవరు. ఆ సభకు పదునైదేండ్లు దాటిన పిల్లలను పిలిచి, ముందువరుసలో కూర్చుండబెట్టి, వారిని మాటాడనిండు. ఏ గ్రామమున నేమి తీర్మానించిరో వ్రాసి పంపినచో మేము ప్రకటింతుము. సంవత్సరము గడచిన పిమ్మట ఆ తాళపుచెవులు ఎవరి చేతిలో నున్నవో తెలిసికొని, దానినికూడ ప్రకటింతుము.